తులాల లెక్కలో టైటానియం బోల్టు

మంథనిలో కొత్త బండి కొన్న కుర్రాడి కన్ను ముందు సీటు కవరు మీద పడుతుంది, తర్వాత సైలెన్సర్ మీద. ఇంకాస్త పిచ్చి ముదిరితే బోల్టుల మీదికి వస్తుంది. కొరియర్‌లో వచ్చిన చిన్న పొట్లం విప్పితే పది పన్నెండు బోల్టులు. ఒకటి నెమలి మెడ రంగు, ఒకటి ఊదా, ఇంకొకటి బంగారు వన్నె. షెడ్డులో మెకానిక్ ఒకదాన్ని అరచేతిలో ఎగరేసి చూస్తాడు. "గింత తేలికుందేందిరా, అల్మినియమా?" "కాదన్నా, టైటానియం." ధర వినగానే చేతిలో పానా కింద పెట్టేస్తాడు. మామూలు ఉక్కు బోల్టుకు పదో ఇరవయ్యో ఇచ్చే చోట ఈ ఒక్కదానికి వందలు పోశారు మరి.

వందలు పోసినందుకు బండికి ఒరిగేదేమిటి? తేలిక సంగతి ముందు తేల్చేద్దాం. దానికి ఇంజినీరింగ్ కాలేజీ అక్కర్లేదు, బంగారం దుకాణంలో తూకం చాలు. ఆరు మిల్లీమీటర్ల లావు, ఇరవై మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఎలెన్ బోల్టు ఉక్కుదైతే ఆరేడు గ్రాములు తూగుతుంది. అదే కొలతలో టైటానియంది నాలుగు గ్రాముల లోపే. ఎనిమిది మిల్లీమీటర్ల లావు, ముప్ఫై మిల్లీమీటర్ల పొడవైతే ఉక్కుది పదహారు పదిహేడు గ్రాములు, టైటానియంది తొమ్మిదిన్నర. ఉక్కు సాంద్రత 7.85, బోల్టులకు వాడే టైటానియం మిశ్రమానిది 4.43. అందుకే ఏ సైజు తీసుకున్నా బరువు వందలో నలభై నాలుగు వంతులు తగ్గుతుంది. వినడానికి చాలా పెద్ద తగ్గుదల.

కానీ బండి మొత్తం మీద చూడండి. చిన్నవి అరవై, పెద్దవి నలభై కలిపి వంద బోల్టులు మార్చారనుకుందాం. మిగిలేది నాలుగు వందల అరవై గ్రాములు, అంటే పది గ్రాముల లెక్కన నలభై ఆరు తులాలు. బంగారమైతే ఇల్లు కట్టుకోవచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. అందులో ఇది పావు శాతానికి కూడా అందదు. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో దాకా ఉంటుంది కాబట్టి, ట్యాంకులో అర లీటరు పైచిలుకు తక్కువ పోయించుకున్నా దాదాపు అంతే తేలిక వస్తుంది, ఖర్చు లేకుండా. 112 కిలోల స్ప్లెండర్ మీద ఇద్దరు మనుషులు, ముందు యూరియా బస్తా పెట్టుకుని పొలానికి వెళ్లే ఊళ్లో ఈ లెక్క చెబితే నవ్వి ఊరుకుంటారు. నవ్వడంలో తప్పు లేదు.

మరి ఈ లోహం అసలు బండిలోకి ఎందుకొచ్చింది?

టైటానియం అరుదైనది కాదు. భూమి పైపొరలో ఎక్కువగా ఉన్న మూలకాల్లో తొమ్మిదోది. మంథనిలో తెల్ల పెయింటు వేసిన ప్రతి ఇంటి గోడ మీదా అది ఉంది; ఆ పెయింటుకు తెల్లదనం ఇచ్చేది టైటానియం డయాక్సైడే. ప్రపంచంలో తవ్వే టైటానియం ఖనిజంలో తొంభై శాతానికి పైగా అలా రంగులోకే పోతుంది, లోహంగా మారేది కొద్దిగానే. తెలుగు నేల మీద దాని ఖనిజం ఇల్మనైట్ చూడాలంటే భీమిలి, కళింగపట్నం తీరాలకు వెళ్లాలి. అక్కడి ఇసుకలో నల్లగా మెరిసేవాటిలో ఇల్మనైట్ ఉంటుంది. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన రాయి అది.

ఇసుక నుంచి బోల్టు దాకా వచ్చే దారి మాత్రం పొడుగైనది. ఇనుప రాయిని బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే ఇనుము వస్తుంది. టైటానియాన్ని అలా కాలిస్తే అది బొగ్గునే పట్టుకుంటుంది. గాలి తగిలితే ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పట్టుకుని పెళుసెక్కిపోతుంది. లగ్జెంబర్గ్ శాస్త్రవేత్త విలియం క్రోల్ 1930లలో దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఖనిజాన్ని క్లోరిన్‌తో కలిపి ద్రవంగా మార్చి, గాలి చొరబడని పాత్రలో కరిగిన మెగ్నీషియంతో చర్య జరిపించాలి. చివరికి పాత్ర అడుగున బూడిదరంగు స్పాంజి లాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని నలగ్గొట్టి, అణిచి, శూన్యంలో విద్యుత్ ఆర్క్‌తో కరిగించి దిమ్మెలు పోస్తారు. ఒక్కసారి కరిగిస్తే చాలదు, రెండోసారీ కరిగించాలి. బోల్టు ఖరీదులో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది.

ఈ కథలో హైదరాబాద్‌ది చిన్న పాత్ర కాదు. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ మన దేశానికి టైటానియం స్పాంజి తయారీ పద్ధతిని సిద్ధం చేసింది. ఆ పరిజ్ఞానంతో, ఇస్రో నిధులతో కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల ప్లాంటు 2011లో మొదలైంది. స్పాంజిని కరిగించి మిశ్రమాలుగా, కడ్డీలుగా చేసే ప్రభుత్వ సంస్థ కూడా కంచన్‌బాగ్‌లోనే ఉంది. 1973లో పెట్టిన మిశ్ర ధాతు నిగం, పొట్టిగా మిధాని. మంథని వాళ్లకు పేరు వినగానే చుట్టరికం తోస్తుంది గానీ అక్షరాలు తప్ప రెండింటికీ సంబంధం లేదు. రాకెట్లకు, యుద్ధ విమానాలకు, విరిగిన ఎముకలకు వేసే ప్లేట్లకు కావలసిన లోహాలు అక్కడ తయారవుతాయి. విమానం వాళ్లకు ఒక్కొక్క గ్రాము ఇంధనం కింద లెక్క. అక్కడ టైటానియం ఖరీదు ఎవరూ అడగరు. ఆ మోజే రేసు బండ్ల మీదుగా రోడ్డు బండి దాకా దిగివచ్చింది.

రేసులో తొలినాటి ఒక అనుభవం చేదుగానే మిగిలింది. బ్రిటన్‌లో బీఎస్‌ఏ కంపెనీ 1964, 1965 సంవత్సరాల్లో జెఫ్ స్మిత్ అనే రైడర్‌తో మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచింది. 1966కు బండిని ఇంకా తేలిక చేయాలని ఫ్రేమునే టైటానియంతో కట్టింది. బురదలో, గుంతల్లో ఎగిరి పడే పందెం అది. ఫ్రేము పగుళ్లు పట్టింది. గాలి తగలకుండా వెల్డింగ్ చేయాల్సిన లోహాన్ని మైదానం పక్కన అతకడం కుదిరే పని కాదు. ఆ ఏడు టైటిల్ పోయింది, ఫ్రేమూ పక్కన పడింది. తర్వాతి రోజుల్లో అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎం నియమాలు రాసుకుంది. ఫ్రేము, ముందు ఫోర్కు, హ్యాండిల్, చక్రాల ఇరుసులు టైటానియంతో చేయకూడదు. నట్లు, బోల్టులు మాత్రం వాడుకోవచ్చు. ఇరుసు మార్చాలని ఆశపడే కుర్రాళ్లు ఈ ఒక్క నియమం గుర్తు పెట్టుకుంటే చాలు. గెలవడానికి ప్రాణం పెట్టేవాళ్లే ఇరుసును ముట్టుకోలేదు.

ఇప్పుడు బలం మాట. బండిలో ఏదైనా మంచి బోల్టు తల మీద చూస్తే చిన్న అంకెలు చెక్కి ఉంటాయి: 8.8, 10.9, 12.9. షెడ్డుల్లో వీటిని ఎవరూ చదవరు గానీ బోల్టు జాతకమంతా అందులోనే ఉంది. చుక్కకు ముందున్న 8 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు ఎనభై కిలోల లాగుడు దాకా తెగదు అని. చుక్క తర్వాతి 8 అంటే అందులో ఎనభై శాతం దాకా లాగినా మళ్లీ యథాస్థితికి వస్తుంది, ఆ పైన లాగితే సాగి అలాగే ఉండిపోతుంది అని. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు మర దగ్గర అడ్డకోత ఇరవై చదరపు మిల్లీమీటర్లు. ఇరవై ఎనభైలు పదహారు వందల కిలోలు. నలభై కిలోల వడ్ల బస్తాలు నలభై వేలాడదీసినా, నిటారుగా లాగినంత వరకు ఆ చిటికెన వేలంత లేని బోల్టు నిలబడుతుంది.

బోల్టులకు ఎక్కువగా వాడే టైటానియం రకంలో ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వెనేడియం ఉంటాయి. దాన్ని గ్రేడ్ 5 అంటారు. దాని లాగుడు బలం చదరపు మిల్లీమీటరుకు తొంభై కిలోలు, ఆ పైన. అంటే 8.8 ఉక్కు కన్నా కాస్త ఎక్కువ, 10.9 కన్నా తక్కువ. "ఉక్కు కన్నా టైటానియం గట్టిది" అని అమ్మేవాడు చెప్పేది సగం నిజమే. బరువుతో పోలిస్తే గట్టిది, బోల్టుకు బోల్టు పెట్టి చూస్తే ఏ ఉక్కు అన్నది చూడాలి. 10.9 అని రాసిన చోట టైటానియం బిగిస్తే వందలు పోసి బలం తగ్గించుకున్నట్టే. ఇక గ్రేడ్ 2 అనే శుద్ధ టైటానియానికి దీనిలో సగం బలం కూడా ఉండదు. అది గొట్టాలకు మంచిది, బ్రేకులకు కాదు.

బోల్టు మేకు లాంటిది కాదు. దాన్ని సన్నని స్ప్రింగ్ అనుకోవాలి. బిగిస్తున్నప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది. సాగింది తిరిగి ముడుచుకోవాలని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడే రెండు ముక్కలనూ ఒకటిగా నొక్కి ఉంచుతుంది. నొక్కుడు సరిపోకపోతే ముక్కలు పక్కలకు కొంచెం కొంచెం జరుగుతాయి, బోల్టు తనంతట తాను వదులవుతుంది. అడ్డంగా వచ్చే ఇలాంటి కుదుపే బోల్టును ఎక్కువగా విప్పుతుందని జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో చూపించాడు. ఇసుక లారీలు తొక్కిన రోడ్ల మీద తిరిగేవాళ్లకు ఇది పరీక్ష చేసి చూపనక్కర్లేదు. నంబరు ప్లేటు, సైడ్ మిర్రర్, చైన్ కవరు ఏదో ఒకటి గలగలమంటూనే ఉంటుంది.

టైటానియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగే గుణం ఉన్నది. అదే నొక్కుడుకు ఎక్కువ సాగుతుంది కనుక, ముక్కలు కాస్త అణిగినా పట్టు ఒక్కసారిగా పోదు. ఇది మంచి గుణమే. చిక్కు బిగించే దగ్గర వస్తుంది. పానా మీద పెట్టే బలంలో సుమారు తొంభై శాతం రాపిడిని దాటడానికే ఖర్చవుతుంది, బోల్టును సాగదీసేది మిగిలిన పది శాతమే. మరకు గ్రీజు రాస్తే రాపిడి తగ్గుతుంది, అదే బిగువుకు బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. టైటానియానికి గ్రీజు రాయక తప్పదు. పొడిగా బిగిస్తే మర మరను కరుచుకుని ఒకటిగా అతుక్కుపోతుంది. విప్పబోతే తల తెగుతుంది, లేదా అల్యూమినియం ఇంజిన్ కేసులోని మర ఊడివస్తుంది. అప్పుడు ట్యాప్ కొట్టించడానికి లేత్ షాపు మెట్లెక్కాలి. అందుకే రాగి గ్రీజో, యాంటీ సీజ్ పేరుతో దొరికే పేస్టో పల్చగా రాసి, బిగువు కొంచెం తగ్గించి బిగించాలి.

ఎంత బిగువు? ఆరు మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు కంపెనీలు చెప్పేది పది న్యూటన్ మీటర్ల లెక్క. జానెడు పొడవున్న పానా చివర ఐదు కిలోల బలంతో నొక్కితే అంతే అవుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల దానికి ఇరవై రెండు. మన షెడ్డుల్లో పానాకు పైపు తొడిగి, పళ్లు కొరికి బిగించడం మగతనం కింద చెల్లుతోంది. ఆ చేతికి టైటానియం ఇవ్వడం డబ్బులు గోదాట్లో పారేసినట్టే.

బోల్టు విషయంలో పెద్దవాళ్లూ దెబ్బ తిన్నారు. 1960ల మొదట్లో అమెరికాలో లాక్‌హీడ్ కంపెనీ దాదాపు మొత్తం టైటానియంతో గూఢచారి విమానాలు కట్టింది. ఆ లోహంలో కొంత, విమానం ఎవరి మీద నిఘా పెట్టాలో ఆ సోవియట్ యూనియన్ నుంచే దొంగచాటున కొన్నారు. విమానం తయారవుతున్నప్పుడు కొన్ని బోల్టుల తలలు వాటంతటవే ఊడి పడటం మొదలుపెట్టాయి. వెతగ్గా వెతగ్గా దొరికిన దొంగ పానా. పానాలకు తుప్పు పట్టకుండా పూసిన కాడ్మియం బోల్టు తలకు అంటుకుని, వేడెక్కినప్పుడు దాన్ని పెళుసు చేస్తోంది. పెట్టెల్లోంచి కాడ్మియం పానాలన్నీ తీసి పారేశారు. మన బండి అంత వేడెక్కదు, భయపడాల్సింది లేదు.

వేడి మాటకు వస్తే, మంథని పక్కనే రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం ఎవరికీ వార్త కాదు. ఆ ఎండకు ఇంజిన్ వేడి తోడైతే లోహాలు సాగుతాయి, అన్నీ ఒకేలా సాగవు. పది సెంటీమీటర్ల అల్యూమినియం వంద డిగ్రీలు వేడెక్కితే 0.23 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఉక్కు 0.12, టైటానియం 0.09 దాకా. ఇంజిన్ కేసు అల్యూమినియం, పట్టుకున్నది టైటానియం అయితే కేసు ఉబ్బుతుంది, బోల్టు అంతగా పెరగదు. నొక్కుడు అనుకున్నదాని కన్నా పెరిగి, మెత్తటి అల్యూమినియం మర మీద భారం పడుతుంది. కంపెనీ ఉక్కు బోల్టు లెక్క కట్టి పెట్టింది ఇందుకే. సిలిండర్ హెడ్, క్లచ్ కవర్ జోలికి పోకపోవడం ఉత్తమం.

టైటానియానికి నిజమైన గొప్పతనం తుప్పు దగ్గరే ఉందనిపిస్తుంది. జంగు పట్టని లోహం అది. పైన ఏర్పడే సన్నని ఆక్సైడ్ పొరే దానికి కవచం. గీత పడినా మళ్లీ అల్లుకుంటుంది. బండిని వానలో వదిలేసినా, పెంట కుప్ప పక్కన నిలబెట్టినా తల మీద అంకె చెరగదు. అయితే ఉప్పు నీళ్ల తడి ఉన్న చోట టైటానియం, అల్యూమినియం తగిలి ఉంటే బ్యాటరీలో లాగా చర్య మొదలై, తినబడేది అల్యూమినియమే అవుతుంది. కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన సంగతే; గోదావరి గాలి పీల్చే మంథనికి అంత భయం లేదు. గ్రీజు పూత ఇక్కడా పనికొస్తుంది.

ఇక ఆ రంగులు. టైటానియం బోల్టుకు రంగు వేయరు. సోడా లాంటిది కలిపిన నీళ్లలో ముంచి కరెంటు పంపితే ఆక్సైడ్ పొర మందం పెరుగుతుంది, ఆ పొర పైనుంచీ అడుగు నుంచీ తిరిగివచ్చే వెలుతురు కలిసి రంగుగా కనబడుతుంది. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క చూపే ఇంద్రధనుస్సు ఇదే. వోల్టేజి పెంచే కొద్దీ బంగారు వన్నె నుంచి నీలంలోకి జారుతుంది. అల్యూమినియం బోల్టులకు మాత్రం నిజంగా రంగు ఎక్కిస్తారు; ఎండకు అది వెలిసిపోతుంది. మోసం జరిగేదీ ఇక్కడే. రంగు చూసి టైటానియం అని అల్యూమినియం బోల్టు అంటగడతారు. అయస్కాంతం పెట్టి చూడటం సరిపోదు; టైటానియం, అల్యూమినియం, చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీలు దేన్నీ అయస్కాంతం గట్టిగా పట్టదు. తూకమే నిజం చెబుతుంది. అదే సైజు ఉక్కు బోల్టు పది గ్రాములుంటే టైటానియం ఐదున్నర, అల్యూమినియం మూడున్నర తూగాలి. మంథనిలో బంగారం దుకాణానికి లోటు లేదు, మొహమాటపడకుండా తూకం వేయించండి. గ్రైండర్‌కు ఆనిస్తే టైటానియం కళ్లు జిగేల్మనేలా తెల్లని నిప్పురవ్వలు చిమ్ముతుంది. బోల్టు పాడవుతుంది గానీ అనుమానం తీరుతుంది. అల్యూమినియం బోల్టు బ్రేకు కాలిపర్‌కు బిగించారంటే, ఘాట్ రోడ్డులో ఏం జరుగుతుందో ఊహించనక్కర్లేదు.

పోలీసుల సంగతి కూడా చాలామంది అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆక్షేపించేది బండి మూల స్వరూపాన్ని మార్చే మార్పులను. బోల్టుకు బోల్టు మార్చడం ఆ కిందికి రాదు. సైలెన్సర్ మార్చితే మాత్రం కథ వేరు. తెలంగాణలో చాలా చోట్ల రోడ్డు రోలరు కింద నలిగిన సైలెన్సర్ల ఫోటోలు చూడనివాళ్లు తక్కువ.

మోజు తీరాలంటే ఎక్కడ బిగించాలి? నంబరు ప్లేటు, బాడీ ప్యానెళ్లు, ఆయిల్ డబ్బా మూత, లెగ్ గార్డు అంచు. ఇవి ఊడినా మనిషి పడడు. కాలిపర్, డిస్కు, హ్యాండిల్ క్లాంపు దగ్గర అసలు బోల్టు గ్రేడు చూసి, తయారీదారు గ్రేడు రాసి ఇచ్చిన సరుకు తప్ప వేరేది పెట్టకూడదు; అప్పుడూ పొడవు, తల ఆకారం అచ్చం అలాగే ఉండాలి. చక్రాల ఇరుసు, ఇంజిన్ లోపల, ఎప్పటికీ వద్దు. బిగించిన తర్వాత వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి. ఆ రెంచ్ లేనివాళ్లు ముందు దాన్నే కొనుక్కోండి. విప్పిన ఉక్కు బోల్టులను చెత్తలో పారేయకుండా, ఏది ఎక్కడిదో కాగితం మీద రాసి సీటు కింద పెట్టుకోండి. దారిలో ఒక టైటానియం బోల్టు పోతే కాటారంలోనో, మహదేవ్‌పూర్‌లోనో దానికి జత దొరకదు.